మెతుకు పట్టి చూడటం

అన్నం ఉడికినదో లేదో తెలుసుకొనటానికి కుండ అంతా తిరగవేయనవసరం లేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలంటారు. వంటింట ఈ మాట నూటికి నూరు పాళ్ళూ నిజం. బియ్యం ఒకటే, ఎసరు ఒకటే, మంట ఒకటే గనుక ఏ మెతుకు పట్టినా తక్కిన మెతుకుల సంగతి అదే చెబుతుంది. కాని చదువు, ఉద్యోగం, వ్యాపారం, వలస మొదలైన పెద్ద నిర్ణయాల ముందు మనం పట్టి చూచే మెతుకు ఏది? దానిని కుండలో ఏ మూల నుండి, ఎవరు తీసి మన చేతిలో పెట్టారు? ఈ ప్రశ్నను గూర్చి, మన నగరం నడిబొడ్డున అమీర్‌పేట్‌లో ప్రతి దినమూ జరిగే ఒక ఆచారాన్ని ఆధారం చేసికొని, కొంత విచారింపదలచాము. పరీక్షలు ముగియగానే స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి "సార్, ఏ కోర్సులో చేరమంటారు?" అని అడిగిన విద్యార్థినీ విద్యార్థులకు మేము అప్పటికప్పుడు చెప్పలేకపోయిన సమాధానం ఇందులో కొంతైనా ఉన్నదనుకుంటున్నాము.

ఆ ఆచారం పేరు డెమో. పేరు ఆంగ్లమే అయినా ఆ మాట ఇప్పుడు మన జిల్లాలన్నింటా తెలుగు మాటయే. 1990 తరువాతి దశాబ్దంలో కంప్యూటరు ఉద్యోగాల గిరాకీ పెరిగినప్పటి నుండి అమీర్‌పేట్ కూడలి, మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ ప్రాంతాలలో శిక్షణాలయాలు వందల సంఖ్యలో వెలిశాయి. జావా, ఒరాకిల్, టెస్టింగ్, శాప్ అంటూ బ్యానర్లు మేడలను కప్పివేసేవి. ఆ బ్యానర్ల మీద సంస్థ పేరుకన్న పాఠం చెప్పే వారి పేరు పెద్ద అక్షరాలలో ఉండటం ఒక విశేషం. తెల్లవారి ఏడు గంటలకే తరగతులు మొదలయ్యేవి. కొత్త బ్యాచి మొదలైన తొలి ఒకటి రెండు దినాలు, కొన్ని చోట్ల మూడు దినాలు, ఎవరైనా వచ్చి కూర్చొనవచ్చు, రుసుము లేదు. నచ్చితే చేరవచ్చు, నచ్చకపోతే పక్క మేడ ఎక్కి మరొకరి పాఠం వినవచ్చు. 2020లో కరోనా వచ్చి తరగతులు ఆన్‌లైన్‌కు మళ్ళిన తరువాత ఆ వీథుల రద్దీ తగ్గినది గాని డెమో పోలేదు. మేడ గది నుండి సెల్‌ఫోనులోకి మారినది, అంతే.

ఈ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. పేరున్న పెద్ద కళాశాల ఏదీ చేరకముందు తన తరగతి గది తలుపు తెరచి, మూడు దినాలు కూర్చొని చూడుమని అనలేదు. అమీర్‌పేట్ అన్నది. పాలమూరు నుండి, శ్రీకాకుళం నుండి బస్సు దిగిన పల్లె విద్యార్థికి నలుగురు ఉపాధ్యాయులను పోల్చి చూచుకొనే అవకాశం పైసా ఖర్చు లేకుండా దొరకటం చిన్న సంగతి కాదు.

అయితే 2011లో మేము ఆ మూడు దినాలూ కూర్చొని కూడా మోసపోయాము. మమ్ము మోసగించినది ఎవరో కాదు గనుక ఆ సంస్థ పేరుతో పని లేదు. అప్పుడే బి.ఎస్సీ. ముగించాము. తోటివారు టెస్టింగ్ కోర్సు అంటే మేమూ టెస్టింగ్ అన్నాము. హాలులో రెండు వందలకు తక్కువ కాకుండా జనం, గోడ వెంబడి నిలబడిన వారు వేరు. ఉపాధ్యాయులు మైకు పట్టుకొని చెప్పిన పాఠం నేటికీ గుర్తున్నది. అంత చక్కగా చెప్పారు. నవ్వించారు. ఏటిఎం యంత్రం ఒకదానిని ఉదాహరణగా తీసికొని, అందులో ఎన్ని విధాల తప్పులు రావచ్చునో ఒక్కొక్కటే మా చేతనే చెప్పించారు. మూడవ దినం సాయంకాలం మెట్లు దిగుతూ, ఈ విద్య కోసమే పుట్టినట్లు భావించాము. మరునాడు అమ్మీ చేతి గాజులు రెండు తాకట్టుకు వెళ్ళాయి. రుసుము, ఎస్.ఆర్. నగర్‌లో మూడు నెలల హాస్టలు ఖర్చు కలిపి పద్ధెనిమిది వేల రూపాయలు.

ఐదవ వారానికి సత్యం తెలిసినది. టెస్టింగ్ అంటే ఏటిఎం కథ కాదు. ఒకే తెరను నలభై సార్లు తెరచి, ఒకే పట్టికలో నలభై వరుసలు నింపి, నలభై ఒకటవసారి తేడా వచ్చిన చోట ఆగి, అది ఎందుకు వచ్చినదో వెదకటం. దానిలో ఆనందం పొందే వారు ఉన్నారు. మా గదిలోనే ఒకడు ఉండేవాడు, అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. అతనికి తప్పు దొరికితే కళ్ళు మెరిసేవి. మాకు నిద్ర వచ్చేది. ఇద్దరమూ అదే డెమో విన్నాము, ఇద్దరమూ అంతే నవ్వాము. అనగా మేము మూడు దినాలు పరీక్షించినది ఆ ఉపాధ్యాయుని మాటకారితనాన్ని. ఆ వృత్తిని కాదు, ఆ వృత్తిలో మమ్ము కాదు. మొదటి గంట ఏ విద్యలోనైనా తియ్యగానే ఉంటుంది. పట్టి చూడవలసిన మెతుకు నలభయ్యవ దినంలో ఉన్నది.

మరి మానివేయవచ్చు గదా అని అడుగుతారు. ఇక్కడే రెండవ చిక్కు ఉన్నది. దీనిని చెప్పటానికి మన ధర్మశాస్త్రంలోని ఒక విషయం, దేశ చట్టంలోని ఒక విషయం చూడవలసి ఉన్నది.

మూడు దినాల లెక్క అమీర్‌పేట్ వారు కనిపెట్టినది కాదు. హబ్బాన్ బిన్ మున్‌ఖిజ్ అనే సహాబీ తలకు తగిలిన గాయం కారణంగా బేరసారాలలో తరచు మోసపోతుండేవారనీ, కొనేటప్పుడు మోసం ఉండరాదని ముందే పలికి, మూడు దినాల ఎంపిక ఉంచుకొనుమని ప్రవక్త (స) వారు ఆయనకు చెప్పారనీ హదీసు గ్రంథాలలో ఉన్నది. దీనిపై పండితులు నిర్మించిన నియమమే ఖియారె షర్త్. కొన్న వాడు గడువులోగా వస్తువును నిలుపుకొననూ వచ్చు, బేరాన్ని రద్దు చేయనూ వచ్చు. ఇమామ్ అబూ హనీఫా ఈ గడువు మూడు దినాలకు మించరాదన్నారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌లు ఇరువురూ ఒప్పుకొన్న గడువు ఎంతైనా కావచ్చునన్నారు. మాలికీ పండితులు మరొక మార్గం తొక్కారు: వస్త్రం సంగతి తెలియటానికి పట్టే కాలం వేరు, ఇంటి సంగతి తెలియటానికి పట్టే కాలం వేరు, గనుక గడువు వస్తువును బట్టి ఉండాలన్నారు. మేము హనఫీలమే అయినా చదువుల బేరంలో మాత్రం మాలికీల వైపే మొగ్గుతున్నాము. మూడు దినాలలో బట్ట రంగు తెలుస్తుంది, వృత్తి రంగు తెలియదు.

ఇక చట్టం. 1930 నాటి సరకుల విక్రయ చట్టంలో 24వ సెక్షను నచ్చితే ఉంచుకొనే పద్ధతిపై ఇచ్చిన సరకును గూర్చినది. తీసికొన్న వాడు నచ్చినదని చెబితే సరకు అతనిది అవుతుంది. వద్దని చెప్పకుండా తన వద్దనే ఉంచుకొని గడువు దాటించినా అతనిదే అవుతుంది. గడువు పెట్టుకొనకపోతే సమంజసమైన కాలం గడిచిన తరువాత అతనిదే. మౌనమే అంగీకారం అన్నమాట! చట్టం రాసినవారు సరకులను గూర్చి రాశారు గాని మనుషుల స్వభావం వారికి బాగా తెలుసుననిపిస్తుంది. ఐదవ వారంలో మేము చేసినదీ ఇదే. అవునని అనలేదు, కాదని అనలేదు. ప్రొద్దున లేచి తరగతికి పోయాము, రాత్రి వచ్చి పడుకున్నాము. గాజులు పోయినవి గనుక మానరాదనుకున్నాము. నిండా మునిగిన వానికి చలేమిటి అన్న సామెత మన భాషలో ఊరకనే పుట్టలేదు. కాని ఆ వారం మేము మునిగినది మోకాలి లోతు వరకే. మానివేసి ఉంటే రెండు నెలల హాస్టలు ఖర్చు మిగిలేది. ఫలానా తేదీన కూర్చొని నిర్ణయిస్తానని ముందే రాసి పెట్టుకొనకపోవటం వలన కోర్సు పూర్తయిన తరువాత కూడా మరి నాలుగు నెలలు అక్కడే గడిపాము.

ఆ నాలుగు నెలలు వృథా కాలేదు. అందుకు కారణం మా తెలివి కాదు. హాస్టలు యజమాని బల్కంపేటలో ఉండేవారు. వారి అబ్బాయి తొమ్మిదవ తరగతి, తెలుగులో తప్పుతూ ఉండేవాడు. భోజనం ఖర్చులో కొంత తగ్గిస్తామంటే రాత్రి గంట సేపు చెప్పటానికి ఒప్పుకున్నాము. సంధులు చెప్పాలి, పద్యాలకు ప్రతిపదార్థం చెప్పాలి. ఒక నెల గడిచాక యజమాని, "తమ్మీ, ఎవ్వలు చెప్పినా కూసోనోడు నీ దగ్గర రెండు గంటలు కూసుంటుండు" అన్నారు. మేమూ రెండు గంటలు కూర్చున్నామన్న సంగతి అప్పుడు తెలిసినది. అలసిన రాత్రి, జ్వరం తగిలిన రాత్రి, పిల్లవాడు మొండికెత్తిన రాత్రి కూడా మానబుద్ధి కాలేదు. డెమో అన్న పేరు లేకుండా, ఎవరూ మైకు పట్టుకొనకుండా జరిగిన ఈ పరీక్షే మా జీవితంలో నిజమైన డెమో. తరువాత ఎం.ఏ. తెలుగు చదువుతున్న మిత్రుని వెంట విశ్వవిద్యాలయానికి పోయి, వారం దినాలు వెనుక బల్ల మీద కూర్చొని, ప్రవేశ పరీక్ష రాశాము. ముస్లిం ఇంటి పిల్లవాడు తెలుగు పండితుడై ఏం చేస్తాడని బంధువులు అడిగిన ప్రశ్నకు ఆ ఒక్క నెల అనుభవం తప్ప మా వద్ద మరే జవాబూ లేదు, అది చాలినది.

అమీర్‌పేట్ నుండి పంజాగుట్ట వైపు నడిస్తే నిమ్స్ ఆసుపత్రి వస్తుంది. నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా ఆరంభమైన ఈ సంస్థ 2020 జూలైలో కోవాక్సిన్ టీకా మానవ ప్రయోగాలు జరిగిన కేంద్రాలలో ఒకటి. ఆ ప్రయోగం నడచిన తీరు మన విషయానికి చాలా దగ్గరగా ఉన్నది. మొదటి దశలో దేశమంతటా కలిపి 375 మంది. రెండవ దశలో 380 మంది. వారిలో ప్రమాదం కనిపించలేదని తేలిన తరువాతనే మూడవ దశలో 25,800 మంది. ఏ దశలో ఏమి చూడాలో ముందే కాగితం మీద రాసి ఉంటుంది. ఫలితం వచ్చిన తరువాత ప్రశ్న మార్చటానికి వీలు లేదు. చేరిన వాలంటీరు ఏ దినాననైనా, కారణం చెప్పకుండానే, తప్పుకొనవచ్చు. ఆ హక్కు అతని సంతకం ఉన్న పత్రంలోనే ఉంటుంది. ఇంత జాగ్రత్త ఉన్న చోట కూడా తొందర తప్పలేదు. మూడవ దశ ఫలితాలు రాకముందే 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ఇచ్చినందుకు దేశంలో పెద్ద చర్చ జరిగినది. ఆ ఏడాది మధ్యలో ఫలితాలు వచ్చి, టీకా 77.8 శాతం రక్షణ ఇస్తుందని తేలినది. మంచి జరిగినది నిజమే. కాని ఫలితం మంచిదైనంత మాత్రాన ముందు వేసిన తొందరపు అడుగు సరియైనదని రుజువు కాదు.

సంస్థలు కూడా ఇట్లే మెల్లగా అడుగు వేసిన ఉదాహరణ మన ఉర్దూ విద్యార్థులకు తెలిసి ఉండవలసినది ఒకటి కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినది. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పవచ్చునా అన్న సందేహం ఆనాడు బలంగా ఉండేది. అందుచేత ముందు 1917లోనే అనువాద శాఖను స్థాపించి పుస్తకాలు తయారు చేయించటం మొదలుపెట్టారు. 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతపు అద్దె భవనాలలో ఇంటర్మీడియెట్ తరగతులతో ఆరంభించారు. పై తరగతులు ఆ తరువాత వచ్చాయి. నేడు మనం తల ఎత్తి చూచే ఆర్ట్స్ కళాశాల భవనానికి పునాది పడినది 1934లో, ప్రారంభమైనది 1939లో. ఆ లోపల ఇరువురు ఇంజనీర్లను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూచి రమ్మని పంపారు. నిజాం ఖజానాకు రాళ్ళు కొనే శక్తి లేక ఏళ్ళ తరబడి అద్దె ఇళ్ళలో ఉన్నారని ఎవరూ అనలేరు గదా!

అయితే అన్నింటినీ పరీక్షించి చూడవచ్చునని మేము అనటం లేదు. వివాహాన్ని పరీక్షించి చూడటం మన సమాజంలో లేదు. అక్కడ విచారించటం, ఇరువైపులా నిజం చెప్పటం, నికాహ్‌నామాలో రాయవలసినవి చదివి రాయించటం, ఇంతవరకే మన చేతిలో ఉన్నది. గల్ఫ్ వలస సంగతి ఇంకా కఠినమైనది. మన బస్తీల నుండి కొందరు విజిట్ వీసా మీద "ఒకసారి పోయి చూచి వస్తాను" అని బయలుదేరుతున్నారు. వినటానికి ఇదీ పరీక్షించి చూడటంలాగే ఉంటుంది. కాని ఆ వీసా మీద పని చేయటం అక్కడి చట్టానికి విరుద్ధం. పట్టుబడితే జరిమానా, వెనుకకు పంపివేయటం, ఇక్కడ చేసిన అప్పు అట్లే ఉండటం. పోయే దారికన్న వచ్చే దారి ఖరీదైనప్పుడు దానిని పరీక్ష అనరాదు. అక్కడ చేయబోయే పనిని, ఎలక్ట్రీషియను గాని, ఏసీ మెకానిక్ గాని, వంట గాని, ఎండాకాలంలో ఇక్కడే రెండు నెలలు చేసి చూడటం దానికన్న నయం.

దీనికి వ్యతిరేకమైన జబ్బు కూడా ఉన్నది. మా హాస్టలులోనే ఒక మిత్రుడు ఎనిమిది నెలలు డెమోలతోనే గడిపాడు. ఏడు గంటలకు జావా, తొమ్మిదింటికి ఒరాకిల్, పదకొండింటికి ఇంకేదో. ఎవరి పాఠం ఎట్లా ఉంటుందో అతనిని అడిగి తెలుసుకొనేవారము. మేమంతా అతనిని డెమో దర్వేషు అని పిలిచేవారము. ఆయనకు అన్ని కోర్సుల మొదటి అధ్యాయమూ వచ్చు, ఏ కోర్సు రెండవ అధ్యాయమూ రాదు. తేదీ లేని పరీక్ష ఎవరిని ఎటు తీసికొని పోతుందో చెప్పలేము. మమ్ము కోర్సులోనే ఉంచివేసినది, అతనిని గుమ్మంలోనే నిలిపివేసినది.

ఇక మన విద్యార్థులు చేయగలిగిన పరీక్షలు. ఖర్చు లేనివే చాలా ఉన్నాయి. కంప్యూటరు రంగం వైపు మనసున్న వారు మన ప్రయోగశాలలో సాయంకాలం పది దినాలు కూర్చొని, ఉచితంగా దొరికే పైథాన్‌తో ఒక చిన్న పని, మన గ్రంథాలయపు పుస్తకాల పట్టిక వంటిది, ఎవరి సహాయమూ లేకుండా చేసి చూడవచ్చు. పని పూర్తి కాకపోయినా సరే. తప్పు వచ్చినప్పుడు కుర్చీ దగ్గరికి జరిగినదా, దూరం జరిగినదా గమనించండి. న్యాయశాస్త్రం అనుకొనే వారికి నాంపల్లి కోర్టు ఉన్నది. విచారణ బహిరంగంగా జరుగుతుంది, వెనుక నిశ్శబ్దంగా కూర్చొనవచ్చు. సినిమాలోని వాదనలు అక్కడ వినపడవు, వాయిదాలు వినపడతాయి. ఆ వాయిదాల మధ్య ఓపిక నిలుస్తుందేమో చూచుకొనాలి. వ్యాపారం చేయదలచిన వారికి రంజాన్ మాసమంత మంచి పరీక్ష మరొకటి లేదు. మదీనా, చార్మినార్ ప్రాంతాలలో నెల దినాల బండి పెట్టేవారిని చూచే ఉంటారు. పెట్టుబడి కొద్ది, రద్దీ నిజమైనది, ఈద్ చంద్రుడు కనిపించగానే ముగింపు తేదీ దానంతట అదే వస్తుంది. దుకాణానికి పగిడీ కట్టకముందు ఒక రంజాన్ బండి మీద నిలబడిన వానికీ నిలబడని వానికీ తేడా ఉంటుంది.

కళాశాల పాలక సంఘం పెద్దలకు కూడా ఒక మనవి. విద్యార్థి తప్పుకొనే దారి తెరచి ఉంటేనే ధైర్యంగా చేరి చూడగలడు. యు.జి.సి. 2018 అక్టోబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 దినాలు లేదా అంతకు ముందే మానుకొన్న విద్యార్థికి స్వల్పమైన కార్యాలయ ఖర్చు మినహా రుసుము పూర్తిగా తిరిగి ఇవ్వాలి. ఆ తరువాత చివరి తేదీ లోపల అయితే 90 శాతం, తేదీ దాటిన 15 దినాల లోపల 80 శాతం, 30 దినాల లోపల 50 శాతం. అసలు సర్టిఫికెట్లను కళాశాల తన వద్ద ఉంచుకొనరాదు. సరి చూచి వెంటనే తిరిగి ఇవ్వాలి. శిక్షణ కేంద్రాల విషయమై 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాలలో కూడా, పూర్తి రుసుము కట్టి మధ్యలో మానిన విద్యార్థికి మిగిలిన కాలపు రుసుమును పది దినాలలో తిరిగి చెల్లించాలని ఉన్నది. వీటిని అమలు చేయవలసినది రాష్ట్రాలు. అవి ప్రధానంగా పాఠశాల, కళాశాల చదువులకూ పోటీ పరీక్షలకూ చెప్పే కేంద్రాలను ఉద్దేశించినవి. అయినా అడగటానికి ఒక ఆధారం దొరికినట్లే.

ఈ సంగతులు మన విద్యార్థులలో ఎక్కువ మందికి తెలియవు. వారి తల్లిదండ్రులకు అసలే తెలియవు. సర్టిఫికెట్లు లోపల ఉన్నాయి గనుక ఎక్కడికీ పోలేమని మరొక చోట చేరిన మన పాత విద్యార్థిని ఒకరు ఈ ఏడాది మాతో చెప్పి కన్నీరు పెట్టుకొన్నది. ఆమె కోరిన కోర్సు అది కాదు. ఏడాదిన్నర గడిచిన తరువాత ఆ నిబంధన మేము చూపవలసి వచ్చినది. అందుచేత పైన చెప్పిన నాలుగు వాక్యాలను ఉర్దూలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాయించి, రాబోయే ప్రవేశాల నాటికి మన కార్యాలయం కిటికీ పక్కన, రుసుము కట్టే వరుసలో నిలబడిన వారికి కనబడేటట్లు పెట్టించవలసినదిగా కోరుతున్నాము. తెలుగు ప్రతి మేము రాసి ఇస్తాము. ఉర్దూ శాఖ మిత్రులు రెండవది రాస్తామని ఇదివరకే మాట ఇచ్చి ఉన్నారు.